మూడు మెట్లు పలకని హార్మోనియం

మా ఇంట్లో కొత్తగా కొన్న వస్తువు ఒక్కటీ లేదు. పెళ్లయి నేను బతు బస్తీ నుంచి డాలీగంజ్‌కు వచ్చిన రోజున మా అత్తయ్య జ్ఞానవతి నన్ను గుమ్మంలో నిలబెట్టి, తల నుంచి కాళ్ల దాకా నిదానంగా చూసి, "బాగానే ఉందిలే" అంది. ఆ తర్వాత ఆవిడ ఒక వాషింగ్ మెషీన్‌ను, రెండు కుర్చీలను, ఒక గ్యాస్ పొయ్యిని సరిగ్గా అదే చూపు చూసి అదే మాట అనడం నా చెవులారా విన్నాను. నన్నూ బేరం చూసుకునే తెచ్చుకుందని అప్పటికిగాని నాకు తెలియలేదు.

మా వస్తువులన్నిటికీ పాత యజమానుల పేర్లే. ఫ్రిజ్ పేరు డాక్టరమ్మ. మిక్సీ పేరు మలయాళం టీచరు. మంచం పేరు ఇంజినీరు. "మేరీ, డాక్టరమ్మలో పెరుగుంది, తియ్యే" అంటే సరే, సర్దుకోవచ్చు. చుట్టాల ముందు "మావోడూ కోడలూ ఇంజినీరు మీద పడుకుంటారు, మేం కింద పడుకుంటాం" అంటే నేను ఎవరికి చెప్పుకోను? ఇందులో సిగ్గుపడవలసింది ఏముందో నా భర్త దేవప్రసాద్‌కు ఇప్పటికీ తెలియదు. అతను అలాగే పెరిగాడు. చిన్నప్పుడు అతను ఊగిన ఉయ్యాల పేరు ఫారెస్టు రేంజరు.

ఈ దీవుల్లో బతికేవాళ్లకు ఇది వింత కాదు. మెయిన్‌లాండ్ నుంచి ఉద్యోగులు వస్తారు, రెండు మూడేళ్లుంటారు, ట్రాన్స్‌ఫర్ అయి వెళ్లిపోతారు. సామానంతా ఓడెక్కించి తీసుకుపోవాలంటే సామాను ఖరీదు కన్నా ఓడ ఖర్చే ఎక్కువ. అందుకని అమ్మేసి పోతారు. ట్రాన్స్‌ఫర్ అన్న మాట వింటే వేరే ఊళ్లలో మనుషులు దిగులు పడతారేమో. మా ఇంట్లో మాత్రం అత్తయ్య చెప్పులు వేసుకుంటుంది.

ఈ విద్య ఆవిడకు తల్లి నుంచి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక జనం ఇక్కడికి వచ్చి స్థిరపడుతున్న రోజుల్లో ఆవిడ తండ్రి జీవానందం శ్రీకాకుళం వైపు నుంచి జెట్టీ పనికి వచ్చాడు. తల్లి మేరమ్మ ఆఫీసర్ల బంగళాల్లో గిన్నెలు తోమేది. దొర మారినప్పుడల్లా ఒక బల్లో, ఒక పెట్టో వాళ్ల ఇంటికి చేరేది. ఆ మేరమ్మ కూతురికి చెప్పిన మాట ఒక్కటే. "సామాను తర్వాత సూడే. ముందల నీళ్లడుగు. ఆ గ్లాసు అడుగు సూడు. గ్లాసు కడగనోళ్లు ఏ సామానూ తుడవరు."

అత్తయ్య ఈ మాటను బైబిలు పక్కనే పెట్టుకుంది. ఎవరింటికి వెళ్లినా ముందు కూర్చుంటుంది, నీళ్లు అడుగుతుంది, తాగుతుంది, తాగాక గ్లాసు తిరగేసి చూస్తుంది. గ్లాసు నచ్చితేనే బేరం. రెండో నియమం ఆవిడ సొంతం. తుప్పు. మా సముద్రపు గాలికి ఇక్కడ గుండుసూది కూడా రెండో వానాకాలం చూడదు. "తుప్పుంటే అది మనూరి సామాన్. తుప్పు లేకపోతే ఝూట్" అని ఆవిడ తీర్పు. మూడోది, చేత్తో ముట్టుకోనిదానికి పైసా ఇవ్వకూడదు.

వీధిలో ఎవరు ఏ పాత వస్తువు కొనాలన్నా అత్తయ్యను వెంటబెట్టుకుని వెళ్లేవారు. ఆవిడ మోకాళ్లు నొప్పులని మూలుగుతూ కూడా వెళ్లేది. నేను వంట చేస్తూ ఇంట్లో ఉండేదాన్ని.

సముద్రం కింద నుంచి కేబుల్ వచ్చేదాకా మా నెట్ ఉండీ లేనట్టే. ఫొటో ఒకటి తెరుచుకునేలోపు అన్నం ఉడికేది. నెట్ రానంత కాలం మమ్మల్ని మోసం చేయడానికి బయటివాళ్లకు కుదరలేదు, అంత ఓపిక వాళ్లకూ ఉండదు కదా. కేబుల్ వచ్చింది, ఫేస్‌బుక్‌లో అమ్మకాల గ్రూపులు వచ్చాయి, వాటి వెనకే దొంగలు వచ్చారు. వాళ్లు చాలా తెలివైనవాళ్లు. మాకు ఏ మాట వినబడితే మనసు కరుగుతుందో కనిపెట్టి, ప్రతి ప్రకటనా ఆ మాటతోనే మొదలుపెట్టారు. ట్రాన్స్‌ఫర్.

మొదట పడింది ఎదురింటి నూకన్న. యూనిఫారం వేసుకున్న ఒక ఆఫీసరు ట్రాన్స్‌ఫర్ మీద వెళ్లిపోతూ స్కూటర్ అమ్ముతున్నాడని నమ్మి, ఫొటో చూసి డబ్బు పంపాడు. స్కూటరు రాలేదు, ఫోనూ ఎత్తలేదు. నూకన్న ఏడుస్తుంటే అత్తయ్య ఓదార్చడానికి వెళ్లి తిట్టి వచ్చింది.

"ఆ ఫొటోలో సైలెన్సరు సూసినావేట్రా? పెళ్లికూతురి ముక్కుపుడకలా మెరుస్తంది. అలాటి సైలెన్సరు ఈ ఊర్లో యాడైనా ఉందేటి? నీళ్లు తాగకుండా పైసలు ఇచ్చీసినావు, దిమాక్ లేదేటి నీకు?"

నూకన్న కొన్నాళ్లు మా గుమ్మం వైపు చూడకుండా తిరిగాడు. ఆ మాటలన్నీ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

ఇక మా మామయ్య సంగతి. ఆయన పేరు ఆనందబాబు. హార్బర్‌లో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. మాటలు తక్కువ, పాట ఎక్కువ. మా తెలుగు చర్చిలో ఆదివారం హార్మోనియం ఆయనదే, మొదటి గొంతూ ఆయనదే. కోత పండుగ నాడు ఈయన పాడుతుంటే విని అత్తయ్య పెళ్లికి ఒప్పుకుందట. మనిషి చర్చి స్తంభం చాటున కనబడనేలేదట. "నా జన్మలో సూడకుండా తెచ్చుకున్న సామాన్ ఈయనొక్కడే" అని ఆవిడ ఇప్పటికీ అంటుంది. అలా అనేటప్పుడు ఆవిడ ముఖం చూడాలి.

ఆ హార్మోనియం ఒక వానాకాలంలో చచ్చిపోయింది. లోపల స్వరం పలికే రీడ్లు తుప్పుపట్టాయి, తిత్తిని బొద్దింకలు తిన్నాయి, మిగిలినదాని సంగతి చెదలు చూసుకున్నాయి. పనికొచ్చే చెక్కను అత్తయ్య పారెయ్యలేక కోళ్ల గూటికి తలుపు చేయించింది. చర్చిలో కుర్రాళ్లు కీబోర్డు తెచ్చారు. మామయ్య వెనక బెంచీకి మారాడు. పెదవులు కదిలేవి, గొంతు వినబడేది కాదు. ఇంట్లో కూనిరాగం కూడా ఆగిపోయింది. ఎందుకు పాడరని నేను అడిగితే, "చేతికింద పెట్టె లేకపోతే గొంతు ఎక్కడ ఎత్తాలో తెల్దమ్మా" అన్నాడు. వరండాలో కూర్చుని రోడ్డు చూసేవాడు. పాట మానేసిన మనిషి ఉన్న ఇల్లు ఎంత బరువుగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. నాకే అలా ఉంటే అత్తయ్యకు ఎలా ఉండేదో.

అత్తయ్య దగ్గర మోకాళ్లు చెన్నైలో చూపించుకుందామని దాచుకున్న డబ్బు ఉంది. ఒకరోజు నన్ను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, "మేరీ, నీ ఫోన్‌లో హార్మోనియం ఎతుకు. మీ మామయ్యకి మాలూమ్ కాకూడదు" అంది.

వెతికాను. రెండు దొరికాయి.

మొదటిది మా పుట్టింటి బతు బస్తీలోనే, నాకు పరిచయం లేని సింహాచలమ్మ అనే ఆవిడ పెట్టింది. ఫొటో వంకరగా ఉంది. హార్మోనియం మీద ఆరేసిన తువ్వాలు అలాగే ఉంది, వెనకాల ఒక పిల్లి. కింద రాసింది: "మా ఆయన పెట్టె. పాతది. మూడు మెట్లు పలకవు. వచ్చి చూసుకోండి."

"పలకని పెట్టె మనకెందుకే?" అంది అత్తయ్య. "ఫొటో తియ్యడానికి తువ్వాలు తియ్యలేదు, పెట్టెనేటి సూస్తాది? ఖతం, తీసీ."

రెండోది తెరిచాను. పట్టుగుడ్డ మీద హార్మోనియం, అద్దంలా మెరుస్తోంది. పక్కన బంతిపూలు. "ట్రాన్స్‌ఫర్. అర్జెంటు." అమ్మేవాడు కమాండర్ గణేశ్వరరావు. నేవీ యూనిఫారంలో చక్కని కుర్రాడు.

"మనోడే" అంది అత్తయ్య, చూపు తిప్పకుండా.

ఫోన్ చేశాం. మనోడికి తెలుగు రాదు. నాన్నగారు తెలుగువారేగాని తాను ఢిల్లీలో పెరిగానన్నాడు. అత్తయ్యకు అది మరీ నచ్చింది, మన పిల్లలకూ చదవడం రాయడం రావడం లేదు కదా, పాపం అంది. ఇద్దరూ హిందీలోనే మాట్లాడుకున్నారు. మీకు నేను తెలుగు చేసి చెబుతున్నాను.

"బాబూ, నేను వచ్చి చూస్తాను. ఒక గ్లాసు నీళ్లు తాగి వచ్చేస్తాను" అంది అత్తయ్య.

"ఆంటీజీ, మా క్వార్టర్స్‌లోకి బయటివాళ్లను రానివ్వరు. మీరు అడ్వాన్స్ పంపండి, మా బండిలో ఇంటికే పంపిస్తాను."

"అయితే గేటు దగ్గరికి వస్తాను. పెట్టె గేటు దాకా తెప్పించు."

"రూల్స్ ఒప్పుకోవు ఆంటీజీ."

"సరే, పెట్టె వద్దు. గ్లాసుతో నీళ్లు పంపించు. అవి తాగి పోతాను."

వాడు ఎంతమందిని ముంచి ఉంటాడో గాని, ముందు నీళ్లు అడిగినవాళ్లు వాడికి తగిలి ఉండరు.

"ఆంటీజీ, మీకు ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

అక్కడితో ఆగిపోవాలి. వేరేవాళ్ల బేరమైతే అత్తయ్య అక్కడే లేచి వచ్చేసేది. కానీ ఫోన్ పెట్టేశాక ఆ ఫొటోను మళ్లీ తెరిపించుకుని చూసింది. రాత్రి భోజనాల దగ్గర మామయ్య వేళ్లు ఊరికే బల్ల అంచు మీద కదులుతుంటే చూసింది. పొద్దున్నే నా దగ్గరికి వచ్చి, "పోన్లేయే, సముద్రం మీద తిరిగీవోళ్లకి మంచినీళ్లు కరువు. అడగడం నాదే గల్తీ" అంది.

నీళ్ల నియమం అలా పోయింది.

నాకు ఒళ్లు మండింది. నూకన్నను అన్ని మాటలన్న మనిషి ఈవిడేనా అనిపించింది. "అత్తయ్యా, ఫొటో చూడండి. మేకుల మీద, కీలు మీద ఎక్కడా తుప్పు లేదు" అన్నాను.

"నేవీ వోళ్లు ఏసీలో పెడతారు."

"ఎల్లుండి ఓడకి వెళ్లిపోతున్నానంటున్నాడు. ఎల్లుండి ఓడ లేదు కదా." మా ఇంట్లో ఓడ ఎప్పుడు కదులుతుందో కోళ్లకు కూడా తెలుసు.

"వోళ్ల ఓడలు వేరే ఉంటాయి. నీకూ నాకూ సెప్పి కదుల్తాయేటి?"

వాడు తన గుర్తింపు కార్డు ఫొటో పంపాడు. అత్తయ్య దాన్ని పెద్దది చేయించి చూసి, "ఆ ముఖం సూడు. అబద్ధం ఆడీ ముఖమేటి?" అంది.

"ముఖం మీద కూడా తుప్పు లేదు అత్తయ్యా" అన్నాను.

సాయంత్రం దాకా ఆవిడ నాతో మాట్లాడలేదు. నాకు ఆవిడ మీద కోపం, ఆవిడను చూస్తే జాలి, రెండూ ఒకేసారి వచ్చి ఏది ముందు పడాలో తెలియక పప్పు మాడ్చాను.

మర్నాడు కమాండర్ తనే ఫోన్ చేశాడు. ఇంకొకరు కొనడానికి సిద్ధంగా ఉన్నారట, ఆంటీజీ ముఖం చూసి ఆపాడట. ఆంటీజీ ముఖం వాడు ఎప్పుడు చూశాడో అడగాలనిపించింది. ఒక కోడ్ పంపుతాను, దాన్ని స్కాన్ చేస్తే చాలన్నాడు. మామయ్య మిరియాల మొక్కల కోసం సిప్పీఘాట్ వెళ్లి ఉన్నాడు. అత్తయ్య ఇల్లంతా ఒకసారి చూసి, "పంపించీయే" అంది నాతో.

నా ఫోన్, నా వేలు. నొక్కాలంటే నాకు చెయ్యి రాలేదు. "ఒక్కసారి వాయించి వినిపించమనండి. వినకుండా పెట్టె ఎలా కొంటాం?" అన్నాను. అది కూడా కాదంటే ఏం చేయాలో నాకు తెలియదు. వాడు మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. ఒక్క నిమిషం అన్నాడు.

ఫోన్‌లోంచి హార్మోనియం మొదలైంది. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. కింది మెట్ల నుంచి పైకి ఒక్క స్వరం తడబడకుండా పాకింది. అత్తయ్య కళ్లు మూసుకుంది. ఆవిడ చెంపల మీదికి నీళ్లు జారాయి. తుడుచుకోలేదు. ఆ పెట్టె ముందు ఎవరిని కూర్చోబెట్టి చూసుకుంటోందో నాకు తెలుస్తూనే ఉంది. ఆ క్షణంలో ఆవిడ అడిగి ఉంటే నేను కూడా డబ్బు పంపేసేదాన్నే.

"ఎవరిదా పెట్టె?" అన్న మాట గుమ్మంలోంచి వినబడింది.

మామయ్య. వానలో తడిసి, చేతిలో మిరియాల మొక్కలతో నిలబడి ఉన్నాడు. బస్సు త్వరగా దొరికిందట.

అత్తయ్య చెంపలు తుడుచుకుంది. "కమాండరు గారిది. ట్రాన్స్‌ఫర్."

"ఎన్నాళ్లయిందేటి ఆయన ఇక్కడికొచ్చి?"

నేను అడిగాను. మూడేళ్లు అన్నాడు కమాండర్.

మామయ్య తల వంచి ఇంకాసేపు విన్నాడు. "మూడు వానాకాలాలు. ఒక్క మెట్టూ బొంగురుపోలేదు. ఈ గాలికి మనిషి గొంతే నిలవదు జ్ఞానం, పెట్టె గొంతు నిలుస్తాదేటి?"

"మీకు అన్నీ అనుమానాలే" అంది అత్తయ్య. ఆవిడ గొంతులో కోపం కన్నా భయం ఎక్కువ ఉంది. "ఏసీ గదిలో పెట్టుకున్నారు."

మామయ్య ఫోన్ దగ్గరికి వంగి హిందీలో, "భయ్యా, పాట ఆపి కింది సా ఒక్కటే నొక్కండి" అన్నాడు.

"నొక్కుతున్నాను అంకుల్‌జీ" అన్నాడు కమాండర్. పాట సాగుతూనే ఉంది.

"పాట ఆపండి భయ్యా."

"ఆపేశాను అంకుల్‌జీ."

పాట ఆగలేదు. రెండో చరణంలో పడింది. అంతలో దానంతట అదే టక్కున ఆగి, హార్మోనియంలోంచి ఒక ఆడమనిషి గొంతు హుషారుగా పలికింది. మీ జుట్టు రాలిపోతోందా, దువ్వెన చూస్తే భయమేస్తోందా అని అడిగింది. ఆ తర్వాత ఒక తలనూనె పేరు, దాని గుణాలు, డజను మూలికలు.

వంటింట్లో ముగ్గురం నూనె గురించి పూర్తిగా విన్నాం. అత్తయ్య ఫోన్ దగ్గరికి జరిగి, ఈసారి తెలుగులోనే నిదానంగా అడిగింది.

"బాబూ, నీ హార్మోనియం తలనూనె కూడా అమ్ముతాదేటి?"

ఫోన్ కట్టయిపోయింది.

మామయ్య మొక్కలు కింద పెట్టాడు. "పెట్టె ఎవరికి?" అన్నాడు.

"కోళ్లకి" అంది అత్తయ్య. "ఉన్న గూడు సరిపోటం లేదు." ఆ మాట అంటూనే ఏడ్చేసింది. ఆవిడ అలా వెక్కి ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. "ఇన్నేళ్లు ఊరందరికీ సెప్పినాను, నాకే బుద్ధి లేకపోయింది. ఏటి సెయ్యను? మీ పాట లేక ఈ ఇల్లు నాకు బాగోలేదు. ఎవలింటికో వొచ్చినట్టుంది."

మామయ్య తడి చొక్కాతోనే వెళ్లి ఆవిడ పక్కన పీట మీద కూర్చున్నాడు. నేను ఫోన్‌లో ఆ మొదటి ప్రకటన మళ్లీ తీసి ఇద్దరి ముందూ పెట్టాను. తువ్వాలు, పిల్లి, మూడు మెట్లు పలకవు.

మర్నాడు ముగ్గురం బస్సెక్కి బతు బస్తీ వెళ్లాం. సింహాచలమ్మ అత్తయ్య ఈడుది. వాళ్ల తాతలూ విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్లే. భర్త గవరయ్య రామాలయంలో భజనలు చేయించేవాడట, పోయి ఏడాది దాటిందట. అత్తయ్య కూర్చోగానే నీళ్లు అడిగింది. సగం తాగి, గ్లాసు పైకెత్తి అడుగు చూసింది.

"ఏటమ్మా, పురుగు పడిందేటి?" అంది సింహాచలమ్మ.

"లేదమ్మా. బాగుంది" అంది అత్తయ్య. ఆవిడ భుజాలు అప్పుడు కిందికి దిగాయి.

పెట్టె తెచ్చి చాప మీద పెట్టారు. అత్తయ్య వెనక కీలు మీద వేలు రాసి నాకు చూపించింది. వేలంతా ఎర్రగా, పొడిపొడిగా అంటుకుంది. "మేరీ, తుప్పు" అంది, బంగారం దొరికినంత ఆనందంగా.

బేరం మాత్రం ఆవిడకు మొదలుపెట్టడం కుదరలేదు. ఆవిడ ఏ లోపం మీద చెయ్యి పెడదామన్నా సింహాచలమ్మ ముందే చెప్పేస్తోంది. "ఈ మూడు మెట్లు పలకవమ్మా. తిత్తికి ఇటేపు కన్నముంది, మైనం పెట్టినాం. మూత సరిగ్గా పడదు, తాడు కట్టుకోవాలి." అన్నీ చెప్పి చివరికి తనే ఒక షరతు పెట్టింది. "వాయించీవోళ్లకే ఇస్తాను. షోకేసులో పెట్టుకుంటామని ఇద్దరొచ్చినారు, పంపీసినాను. ఎవలు వాయిస్తారు మీలో?"

ఇన్నేళ్లు అమ్మేవాళ్లకు పరీక్ష పెట్టిన ఇంటికి మొదటిసారి పరీక్ష ఎదురైంది. అత్తయ్య, నేను మామయ్య వైపు చూశాం.

ఆయన పెట్టె ముందుకు జరిగాడు. తిత్తి లాగితే ముందు ఉబ్బసం మనిషిలా ఎగశ్వాస పీల్చింది. ఆయనకు బాగా వచ్చిన కీర్తనే ఎత్తుకున్నాడు. కొద్ది దూరం బాగానే వెళ్లి, పలకని మెట్టు మీద వేలు పడింది. స్వరం ఉండవలసిన చోట కన్నం. ఆయన ఆగాడు. అత్తయ్య చీర కొంగు నలిపేస్తోంది. ఆయన మళ్లీ మొదటి నుంచి వచ్చాడు. ఆ మెట్టు దగ్గరికి వచ్చేసరికి, పెట్టె ఎలాగూ పలకదు కదా అని, ఆ ఒక్క స్వరం తను పాడాడు. చిన్నగా, దగ్గు కలిపినట్టు. ముందుకెళ్తే రెండో కన్నం. అక్కడా అందుకున్నాడు. ఆ కీర్తన ఆ మూడు మెట్ల మీద మాటిమాటికీ వచ్చి వాలేది. కన్నం వచ్చినప్పుడల్లా గొంతు రావలసి వచ్చింది. రెండో చరణానికల్లా కన్నాలు ఎక్కడున్నాయో ఆయన చూసుకోవడం మానేశాడు. ఆ గొంతు ఆ రేకుల ఇల్లంతా నిండింది. వీధిలో ఎవరో సైకిలు ఆపారు.

అత్తయ్య ఈసారి కళ్లు మూసుకోలేదు. తెరుచుకునే చూసింది.

"మా ఆయనా ఇలగే పాడీవోరు" అంది సింహాచలమ్మ. "మూడు మెట్లు పోయినాక మరీ బాగా పాడీవోరు. తీసుకెళ్లండమ్మా." ఆ తర్వాత మేం ఇచ్చిన డబ్బు ఆవిడ లెక్కపెట్టకుండానే దిండు కింద పెట్టేసింది.

ఆ పెట్టె పేరు ఇప్పుడు గవరయ్య. వరండాలో ఉంటుంది, తాడు కట్టుకుని. పొద్దున్నే మామయ్య గవరయ్య ముందు కూర్చుంటాడు. ఆదివారం చర్చికి గవరయ్య కూడా వస్తాడు. కుర్రాళ్లు కీబోర్డు కాసేపు పక్కన పెట్టి, ఎక్కడ కన్నం వస్తుందా అని చూస్తారు. నూకన్న మళ్లీ మా గుమ్మం వైపు చూస్తున్నాడు. తలనూనె సంగతి ఎవరి నోట విన్నాడో, అత్తయ్యను చూసినప్పుడల్లా దువ్వెన తీసి తల దువ్వుకుంటాడు. ఆవిడకు తిట్టడానికి మొహం లేదు.

మొన్న మా ఆయన ఫోన్ పట్టుకుని సంబరంగా వచ్చాడు. హార్మోనియం రీడ్లు అమ్మేవాడు దొరికాడట. ఆ మూడు మెట్లకు సరిపోయేవే ఉన్నాయట. వీడియోలో చూపించాడట, ఒక్కొక్కటీ ఊది వినిపించాడట.

"అదంతా మోసం" అంది అత్తయ్య, కూర కలుపుతూ.

"ఆయనకి దుకాణం ఉందమ్మా. మనోళ్లు నలుగురు కొన్నారు."

"నలుగురినీ ముంచినాడన్నమాట."

"సామాను చేతికొచ్చాకే పైసలు ఇమ్మంటన్నాడు. పనిచెయ్యకపోతే వెనక్కి పంపెయ్యమన్నాడు."

"మరదే మోసం. అంత మంచోడు యాడైనా ఉంటాడేటి?"

మా ఆయన నా వైపు తిరిగాడు, నువ్వయినా చెప్పు అన్నట్టు. అమ్మేవాడు నిజమైనవాడే. అది నాకు తెలుసు, అత్తయ్యకు ఇంకా బాగా తెలుసు. వరండాలో పాట కన్నం దగ్గరికి వచ్చింది. మామయ్య గొంతు అందుకుంది. అత్తయ్య చేతిలో గరిటె ఆగింది.

నేను ఫోన్ తీసుకుని ఆ రీడ్లను అటూ ఇటూ చూశాను.

"అత్తయ్య చెప్పిందే నిజం. వీటి మీద తుప్పు లేదు" అన్నాను.

మా ఆయన విసుక్కుంటూ వెళ్లిపోయాడు. అత్తయ్య నన్ను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసింది. ఈసారి ఏమీ అనలేదు. డాక్టరమ్మలోంచి పెరుగు తీసి, మీగడంతా నా కంచంలో వేసింది.